అత్తెసరు యంత్రం: వంటింటి శ్రమ చరిత్రలో ఒక అధ్యాయం

1

1955 డిసెంబరు 10వ తేదీన కృష్ణ ఒడ్డున నందికొండ వద్ద నాగార్జునసాగర్ ఆనకట్టకు నెహ్రూ శంకుస్థాపన చేశాడు. ఆ తేదీ మన పిల్లల చేత మనం వల్లె వేయిస్తున్నాం. సరిగ్గా ఆ రోజునే జపాన్‌లో టోక్యో షిబౌరా కంపెనీ, అనగా తోషిబా అనే పేరుతో మనమెరిగిన కంపెనీ, తనంతట తాను అన్నం వండి తనంతట తాను ఆగిపోయే విద్యుత్ పాత్ర నొకదాన్ని అమ్మకానికి పెట్టింది. ఈ తేదీని వల్లె వేయించే పాఠశాల మన దేశంలో ఎక్కడా లేదు.

ఈ రెండు సంఘటనలకూ కార్యకారణ సంబంధం లేదు. తేదీలు కలవడం కాకతాళీయమే. ఐనా ఒకటి వరి పండించడానికి సంబంధించినది, రెండవది ఆ వరిని అన్నం చేయడానికి సంబంధించినది. మొదటిది చరిత్ర అయింది, రెండవది చరిత్ర కాలేదు. ఎందుకని? ధాన్యం గురించి మాట్లాడే మన ఆర్థిక శాస్త్రం నారుమడితో మొదలై రైసుమిల్లు గుమ్మం దగ్గర ఆగిపోతుంది. అక్కడి నుంచి కంచం దాకా జరిగే పనిని అది శ్రమగా లెక్కించదు. ఆ పని చేసేది ఆడవాళ్లు; చేసేది ఇంటిలో; దానికి కూలి లేదు. కూలి లేని శ్రమకు లెక్క లేదు, లెక్క లేని శ్రమకు చరిత్ర లేదు.

నాగార్జునసాగర్ రాతి కట్టడం. వేలాదిమంది కూలీలు చేతులతో కట్టిన ఆనకట్ట అది. ఆ కూలీలలో తలమీద రాళ్లు మోసిన స్త్రీలు గూడా వున్నారు. పగలంతా వాళ్లు మోసిన రాళ్లు ఆనకట్ట లెక్కలో చేరాయి. సాయంత్రం గుడిసెకు పోయి మూడు రాళ్ల పొయ్యి రాజేసి వాళ్లు వండిన అన్నం ఏ లెక్కలోనూ చేరలేదు. ఈ వ్యాసంలో నేను మాట్లాడదలచుకున్నది ఆ రెండవ పని గురించి, దానిలోకి ప్రవేశించిన ఒక చిన్న యంత్రం గురించి. ఆ యంత్రం ఎవరి భారం తగ్గించింది, ఎంత తగ్గించింది, ఎందుకు అంతకన్నా తగ్గించలేకపోయింది అన్నవే ఇందులోని ప్రశ్నలు.

2

అన్నం వండడం తేలిక పని అని అన్నం వండనివాళ్లు అనుకుంటారు. తెలుగు భాషను అడిగి చూస్తే నిజం తెలుస్తుంది. ఎసరు పెట్టడం, ఎసరు మరగడం, బియ్యం పోయడం, పొంగడం, ఉడకడం, వార్చడం, ఉమ్మగిలడం, అడుగంటడం, మాడడం: ఒక్క అన్నం చుట్టూ ఇన్ని క్రియలున్నాయి. సగం ఉడికితే పలుకు, ఎక్కువ ఉడికితే ముద్ద, నీరు ఎక్కువైతే చిత్తడి. ఇన్ని మాటలు పుట్టాయంటే ఇన్ని చోట్ల పని తప్పిపోయే అవకాశం వున్నదన్న మాట. తప్పిన ప్రతిసారీ మాట పడవలసినవాళ్లు ఇంటికొకరు వున్నారన్న మాట.

మన ఇళ్లలో అన్నం వండే పద్ధతులు రెండు. ఒకటి వార్చడం. కావలసినదానికంటె ఎక్కువ నీళ్లలో బియ్యం ఉడికించి, మెతుకు పట్టి చూసి, సిబ్బి మూసి గిన్నె వంచి గంజి తీసేయడం. వేడి గిన్నెను గుడ్డతో పట్టుకొని వంచేటప్పుడు చేతుల మీద గంజి పడి కాలిన మచ్చలు మన తల్లుల చేతుల మీద చాలామందిమి చూశాం. ఆ గంజి వృథా పోయేది కాదు. పేదయింట తాగేవారు, కలిగినయింట బట్టలకు పెట్టేవారు. ఒకే గిన్నెలోంచి వచ్చిన గంజి ఒకరి కడుపులోకీ, మరొకరి చొక్కా మడతలోకీ పోయింది. వర్గ సమాజాన్ని వివరించడానికి ఇంతకంటె దగ్గరి ఉదాహరణ అక్కరలేదు.

రెండవ పద్ధతి అత్తెసరు. బియ్యానికి సరిపోయినన్ని నీళ్లే కొలిచి పోసి, వార్చకుండా, ఆ నీరంతా బియ్యం పీల్చుకునేదాకా సన్నని సెగ మీద వుంచడం. ఇందులో గంజితో పాటు సారం పోదు, చెయ్యి కాలదు. కాని కొలత తప్పకూడదు, మంట తప్పకూడదు. నీరు ఇంకిపోయిన క్షణాన సెగ తీయకపోతే అడుగంటుతుంది. మూత తీసి చూస్తూ వుంటే ఆవిరి పోయి పలుకు మిగులుతుంది. కనుక అత్తెసరు పెట్టిన మనిషి పొయ్యి దగ్గరనుంచి కదలడానికి వీల్లేదు. కట్టెల పొయ్యి ముందు ఈ కావలి అంటే ఊదుగొట్టమూ, పొగా, కళ్లలో నీళ్లూ.

జపాన్‌లో వున్నది ఈ అత్తెసరు పద్ధతే. అక్కడి మట్టిపొయ్యిని కమాదో అంటారు. బరువైన చెక్క మూత గల ఇనుప పాత్రను దానిలో దించి, మొదట చిన్న మంట, తరువాత పెద్ద మంట, ఆపైన మంట తీసి ఉమ్మగిలనివ్వడం అనే క్రమంలో వండేవారు. మధ్యలో మూత ఎత్తరాదు. ఈ విద్య తల్లినుంచి కూతురికి నోటిమాటగా వచ్చింది. తెల్లవారకముందే లేచి పొయ్యి రాజేయడం అక్కడ గూడా ఇంటి కోడలి విధిగా వుండేది.

ఇక్కడొక జాగ్రత్త అవసరం. అన్నం అందరి తిండీ కాదు. రాయలసీమలో రాగిసంగటి, తెలంగాణలో జొన్నరొట్టె, గటక తిని బతికిన తరాలకు వరి అన్నం పండుగనాటి మాట. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చిన తరువాతే చాలా పల్లెల్లో అది రోజువారీ తిండిగా స్థిరపడింది. కనుక అన్నం వండే యంత్రపు చరిత్ర వ్రాసేటప్పుడు, అన్నం ఎవరికి ఎప్పుడు దొరికిందన్న చరిత్రను మరచిపోరాదు.

3

వంటింటి శ్రమను విద్యుత్తు తగ్గించగలదన్న ఊహ యంత్రం కంటె పాతది. ఆగస్టు బెబెల్ 1879లో వెలువరించిన "స్త్రీ, సోషలిజం" గ్రంథపు తరువాతి ముద్రణలలో, 1893 చికాగో ప్రదర్శనలో చూపిన విద్యుత్ వంటగదిని ఉదహరించి, విడివిడి వంటిళ్ల కాలం ముగియబోతున్నదని వాదించాడు. 1884లో ఎంగెల్స్, కుటుంబ వ్యవస్థ పుట్టుక గురించి వ్రాస్తూ, ఒకప్పుడు సామాజిక కార్యంగా వున్న గృహనిర్వహణ ఒక్కొక్క ఇంటి సొంత చాకిరీగా ఎలా మారిందో చూపాడు. 1919లో లెనిన్ ఈ చాకిరీని స్త్రీని నలిపివేసే పనిగా వర్ణించి, సామూహిక భోజనశాలలనూ శిశు సదనాలనూ కొత్త సమాజపు మొలకలుగా పేర్కొన్నాడు. 1925లో ఇవానొవోలో మొదటి వంట కర్మాగారం తెరిచారు. ఈ ఆలోచనా ధార అంతటికీ మూలసూత్రం ఒకటే: వంటను ఇంటిలోంచి బయటికి తేవాలి.

పెట్టుబడిదారీ మార్గం దీనికి వ్యతిరేక దిశలో నడిచింది. వంట ఇంటిలోనే వుండాలి, వండే మనిషీ అక్కడే వుండాలి, కాని ఆమె చేతికి ఒక సరుకు అమ్మాలి. జపాన్ కథ ఈ రెండవ మార్గానికి చెందినది.

1945లో యుద్ధం ముగిసేనాటికి జపాన్ నగరాలు బూడిదకుప్పలు. కర్మాగారాలు కూలిపోగా వాటికి పోవలసిన కరెంటు మిగిలిపోయింది. ఆ రోజుల్లో మసారు ఇబుకా అనే ఇంజనీరు, తరువాత సోనీ కంపెనీ స్థాపకులలో ఒకడైనవాడు, చెక్కతొట్టి అడుగున అల్యూమినియం పలకలు బిగించి అన్నం వండే పరికరం తయారుచేశాడు. తడి బియ్యం గుండా కరెంటు పోతుంది. అన్నం ఉడికి నీరు ఇంకగానే ప్రవాహం తగ్గుతుంది. ఊహ బాగానే వుంది. కాని బియ్యం తీరు మారితే ఫలితం మారింది. ఒకనాడు పలుకు, మరొకనాడు ముద్ద. ఆ పాత్ర అంగడికెక్కలేదు. ఆ తరువాత ఇతర కంపెనీలు గూడా విద్యుత్ పాత్రలు తెచ్చాయి. కాని వాటికి వేడి చేయడం తెలుసు, ఆపడం తెలియదు. ఆపవలసిన మనిషి పక్కనే నిలబడి వుండాలి. అనగా కట్టె పోయింది, కావలి మాత్రం మిగిలింది.

1950ల మొదట్లో తోషిబా కంపెనీ తరఫున బట్టలుతికే యంత్రాలు అమ్ముతూ వూళ్లు తిరిగిన షోగో యమదా అనే ఉద్యోగి, ఇంటి పనుల్లో అన్నిటికంటె కష్టమైనదేదని గృహిణులను అడిగాడు. పూటపూటా అన్నం వండడమని వాళ్లు జవాబిచ్చారు. గమనించవలసిన విషయమిది: చరిత్రలో ఆ స్త్రీలను ఆ ప్రశ్న మొదట అడిగినవాడు సరుకు అమ్మవచ్చినవాడు. సంఘ సంస్కర్త కాడు, కార్మిక నాయకుడు గూడా కాడు. మనకు ఇందులో సిగ్గుపడవలసినదేదో వున్నది.

యమదా ఈ పనిని టోక్యోలో ఒక చిన్న కర్మశాల యజమాని యోషితదా మినామికి అప్పగించాడు. మినామి పెద్ద కంపెనీలకు విడి సామాను చేసి యిచ్చే ఉపకాంట్రాక్టరు. పని లేక అప్పుల్లో వున్నవాడు. ఇల్లు తాకట్టు పెట్టి ఈ ప్రయోగానికి దిగాడు. అన్నం సంగతి అతనికి తెలియదు. తెలిసిన మనిషి అతని భార్య ఫుమికో.

అసలు ప్రయోగశాల ఆమె వంటిల్లే అయింది. రోజుకు ఎన్నో మార్లు బియ్యం కడిగి, కొలిచి, వండి, ఉష్ణమాపకం చూసి, వేడినీ వేళనూ కాగితం మీద వ్రాసుకునేది. ఎండలోనూ, చలిలోనూ, మేడ మీదా, ఇంటిలోనూ వండి చూసేది. పాత పొయ్యి మీద మంచి అన్నం ఎలా అవుతుందో అంకెల్లో పెట్టింది. 98 డిగ్రీలకు తగ్గని వేడిలో 20 నిమిషాలు వుంటే బియ్యంలోని పిండిపదార్థం చక్కగా పక్వమవుతుందని తేలింది. తల్లులు నోటితో చెప్పుకుంటూ వచ్చిన విద్య శాస్త్రంగా మారిన ఘట్టమిది. ఈ ప్రయోగాలకు దాదాపు మూడేళ్లు పట్టింది. మధ్యలో ఆమె ఆరోగ్యం దెబ్బతిన్నది. పిల్లలు గూడా ఆ పనిలో చేయి వేశారు. 1959లో, యాభై యేళ్లు నిండకుండానే, ఆమె మరణించింది. లక్షల యిళ్లలో అన్నం వండిన ఆ పాత్ర మీద కంపెనీ పేరు వున్నది, ఆమె పేరు లేదు.

4

ఇక ఆ యంత్రం పనిచేసే తీరు. దానిలో పాత్రలు రెండు, ఒకదానిలో ఒకటి. లోపలి పాత్రలో బియ్యమూ, దానికి తగిన నీరూ. బయటి పాత్రలో ఒక గ్లాసు నీరు. కింద 600 వాట్ల తీగ. బయటి నీరు మరుగుతూ వున్నంతసేపు దాని వేడి 100 డిగ్రీలు దాటదు. ఆ గ్లాసు నీరు ఆవిరైపోవడానికి సుమారు 20 నిమిషాలు పడుతుంది. నీరు అయిపోగానే వేడి ఒక్కసారిగా పైకి ఎగబాకుతుంది. అప్పుడు రెండు రకాల లోహాలు అతికించిన ఒక రేకు వంగి కరెంటును తెంచేస్తుంది. గడియారం లేదు, మెదడు లేదు. కొలిచి పోసిన నీరే గడియారం. చలి ప్రాంతాల్లో వేడి పోకుండా పాత్రకు వెలుపల మరొక పొర చేర్చి మధ్య గాలిని నిలిపారు. మన పల్లెల్లో గిన్నెను గడ్డిచుట్టతో కప్పి వేడి నిలబెట్టడంలోని సూత్రమే ఇది.

తరువాత వచ్చిన ఒంటిపాత్ర కుక్కర్లలో ఉపాయం మరింత ముచ్చటైనది. పాత్ర అడుగుకు ఆనుకొని స్ప్రింగు మీద ఒక అయస్కాంతపు బిళ్ల వుంటుంది. అయస్కాంతాలు ఒక నిర్దిష్టమైన వేడి దాటగానే తమ గుణాన్ని కోల్పోతాయని పియరీ క్యూరీ 1895లో నిరూపించాడు. పాత్రలో నీరున్నంతసేపు అడుగు 100 డిగ్రీల వద్ద నిలుస్తుంది. బియ్యం నీటినంతా పీల్చుకోగానే అడుగు వేడెక్కుతుంది, బిళ్ల పట్టు వదులుతుంది, స్ప్రింగు మీటను తోస్తుంది. మనం వినే "టిక్" అన్న చప్పుడు అదే. అత్తెసరు పెట్టిన ఇల్లాలు ముక్కుతో వాసన పట్టి, చెవితో కుతకుతలు విని గుర్తించే క్షణాన్ని ఇక్కడ ఒక ఇనుప బిళ్ల గుర్తిస్తున్నది. దీన్ని అత్తెసరు యంత్రమని పిలిచితే తప్పులేదు.

మొదట అమ్మకానికి పెట్టినవి 700. ధర 3,200 యెన్లు, నాటి కొత్త పట్టభద్రుని నెలజీతంలో సుమారు మూడవ వంతు. విద్యుత్ సంస్థల ద్వారా వాటిని ఇంటింటికీ చేర్చారు. కరెంటు అమ్ముడుపోవడం వాళ్లకూ లాభమే. ఏడాది తిరిగేసరికి నెలకు రెండు లక్షల చొప్పున తయారయ్యే దశకు వచ్చింది. నాలుగైదేళ్లలో జపాన్ ఇళ్లలో దాదాపు సగం దాన్ని కొన్నాయి. 1970 నాటికి తోషిబా ఒక్కటే కోటి ఇరవై లక్షలకు పైగా చేసింది. పోటీ కంపెనీలు వచ్చాయి. 1970లలో వండిన అన్నాన్ని వెచ్చగా వుంచే ఏర్పాటు, 1979లో మైక్రోకంప్యూటరు చేరాయి. 1960 నుంచి హాంకాంగుకూ, అటునుంచి వరి తినే ఆసియా దేశాలకూ పాకింది.

తెల్లవారకముందే లేవవలసిన జపాన్ స్త్రీకి ఒక గంట నిద్ర దక్కింది. దీన్ని తక్కువ చేసి మాట్లాడడం సరికాదు. నిద్ర గూడా విముక్తిలో భాగమే. కాని మిగిలిన గంటలు ఎటు పోయాయి? 1960ల తరువాత జపాన్ పరిశ్రమలు పెళ్లయిన స్త్రీలను పూటపని కార్మికులుగా, తక్కువ వేతనాలకు, పెద్దఎత్తున తీసుకున్నాయి. వంటింటి యంత్రం ఆదా చేసిన కాలంలో కొంత కర్మాగారం గుమ్మంలోకి పోయింది. ఇంటికి వచ్చాక మిగిలిన పని అలాగే వున్నది. అమెరికా చరిత్రకారిణి రూత్ ష్వార్జ్ కోవన్ 1983లో ప్రచురించిన "అమ్మకు మరింత పని" అన్న అర్థం వచ్చే పేరుగల గ్రంథంలో ఈ సూత్రాన్నే నిరూపించింది. యంత్రాలు వచ్చిన కొద్దీ శుభ్రతకూ రుచికీ ప్రమాణాలు పెరిగాయి. ఒకప్పుడు మగవాడూ, పిల్లలూ చేసిన కట్టె కొట్టడం, నీళ్లు మోయడం వంటి పనులు తొలగిపోయాయి. స్త్రీ చేసే పని మిగిలిపోయింది.

5

మన దేశానికి వద్దాం. వంటింటి పొగ గురించి మనవాళ్లెవరూ ఆలోచించలేదనడం అన్యాయం. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయంలో డాక్టర్ ఎస్. పి. రాజు మట్టితో, గొట్టంతో, పేదలు గూడా కట్టుకోగలిగే పొగలేని పొయ్యిని రూపొందించి, 1953లో లక్షలాది వంటిళ్లను దృష్టిలో పెట్టుకొని దానిపై పుస్తకం వ్రాశాడు. జపాన్‌లో మినామి దంపతులు కష్టపడుతున్న కాలమే అది. ఒకటి సరుకుగా కోట్లలో అమ్ముడుపోయింది. రెండవది అమ్మేవాడికి లాభం లేనిది గనుక ప్రచార పత్రాల్లోనూ ప్రదర్శనల్లోనూ ఎక్కువగా మిగిలిపోయింది. మంచి ఊహకు కొరత ఎప్పుడూ లేదు. ఊహను ఇంటింటికీ చేర్చే సామాజిక శక్తి ఏదన్నదే ప్రశ్న.

మనకు కట్టెల తరువాత కిరసనాయిలు స్టవ్వు, దాని వెంట పేలుడు ప్రమాదాలు, ప్రెషర్ కుక్కరు, గ్యాసు వచ్చాయి. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం పొదుపు సంఘాల స్త్రీలకు గ్యాసు కనెక్షన్లు యిచ్చింది. సిలిండరు ధర పెరిగిన ప్రతిసారీ ఆ పొయ్యి మూలకు చేరి కట్టెలు మళ్లీ వచ్చిన ఇళ్లెన్నో. విద్యుత్ కుక్కరు మద్రాసులో 1988లో జపాన్ మత్సుషితా కంపెనీ భాగస్వామ్యంతో తయారు కావడం మొదలైన తరువాత దక్షిణాది మధ్యతరగతి ఇళ్లకు చేరింది. 1990ల తరువాత అమెరికా బయలుదేరిన తెలుగు విద్యార్థి పెట్టెలో ఆవకాయ సీసా పక్కన దానికి చోటు దొరికింది. అమ్మ పక్కన లేని మొదటి రోజున అతడు మొదట వెదికినది దాన్నే.

నేడు నగరాల్లో అద్దె గదిలో వుండే విద్యార్థినీ, ఇద్దరూ ఉద్యోగాలు చేసే దంపతులూ దీన్ని వాడే తీరు చూడండి. గట్టు మీద జానెడు చోటు చాలు. బియ్యం, పెసరపప్పు, మిరియాలు, జీలకర్ర, ఉప్పు వేసి మీట నొక్కితే అరగంటలో పొంగలి. పైతట్టలో కూరముక్కలు పెడితే కింది అన్నపు ఆవిరికే అవి ఉడుకుతాయి. పప్పు, టొమాటో, పచ్చిమిర్చి కలిపి పెట్టి, దిగాక తిరగమోత పెడితే సాయంత్రపు భోజనం అయిపోయింది. 700 వాట్ల కుక్కరు అరగంట పనిచేస్తే మూడవ వంతు యూనిట్టు కరెంటు ఖర్చవుతుంది. ఈ లెక్క చిన్నదే. కాని ఆ యూనిట్టు ధర నిర్ణయించేది ఎవరన్న ప్రశ్న చిన్నది కాదు. 2000 ఆగస్టు 28న విద్యుత్ చార్జీల పెంపుదలను నిరసించిన ప్రజల మీద హైదరాబాదు బషీర్‌బాగ్‌లో పోలీసులు కాల్పులు జరిపితే ముగ్గురు యువకులు ప్రాణాలు కోల్పోయారు. ఆ పోరాటాన్ని మనం రైతు మోటారుకూ, కార్మికుని గుడిసెలోని దీపానికీ ముడిపెట్టి స్మరిస్తాం. వంటింటి మీటకు గూడా దానితో సంబంధం వుంది.

యంత్రానికి తెలియనివి గూడా వున్నాయి. పాత బియ్యానికి నీరు ఎక్కువ పడుతుంది, కొత్త బియ్యానికి తక్కువ. బాపట్లలో రూపొందిన సాంబ మసూరికి సరిపోయే కొలత దొడ్డు బియ్యానికి పనికిరాదు. బియ్యం కొన్నదెవరో, అది ఎన్ని నెలల నాటిదో, ఎవరు ఆలస్యంగా వస్తారో, ఎవరికి మెత్తగా కావాలో గుర్తుపెట్టుకోవడం ఇంకా ఒక మనిషి తల మీదే వుంది. చేతి పని తగ్గింది. తలలోని పని తగ్గలేదు.

దీనికి సాక్ష్యం ప్రభుత్వ లెక్కలే. కేంద్ర గణాంక విభాగం 2019లో జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం, వేతనం లేని ఇంటిపనిలో పాల్గొన్న స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు దానికి వెచ్చించారు. ఆ పనిలో పాల్గొన్న పురుషులు వెచ్చించినది 97 నిమిషాలు. 2024లో అదే సర్వే మళ్లీ జరిగింది. స్త్రీలకు 289 నిమిషాలు, పురుషులకు 88. ఐదేళ్లలో స్త్రీల పని 10 నిమిషాలు తగ్గింది. బాగానే వుంది. మగవాళ్ల పని గూడా 9 నిమిషాలు తగ్గింది! మూడింతల తేడా ఎక్కడిదక్కడే వుంది. ఇందులో పురుషుల లెక్క ఇంటిపనిలో ఏదో ఒక పాలు తీసుకున్నవాళ్లది మాత్రమే. అసలు పాల్గొననివాళ్లు ఎందరో ఇందులో చేరలేదు.

6

మన శిబిరంలో ఈ విషయం మీద రెండు పొరపాటు అభిప్రాయాలు వున్నాయి. మొదటిది: ఇవన్నీ మధ్యతరగతి సౌకర్యాలు, వంటింటి ముచ్చట్లు, వీటికి చరిత్ర ఎందుకు? ఈ మాట అనే మిత్రులు మూడు పూటలా అన్నం తింటారు. వాళ్ల దృష్టిలో మగ్గం ఉత్పత్తి సాధనం, నాగలి ఉత్పత్తి సాధనం, పొయ్యి మాత్రం కాదు. రేపు పొద్దున కర్మాగారానికి పోవలసిన శ్రమశక్తి ఎక్కడ తయారవుతున్నదో వాళ్లు మరచారు. రెండవ పొరపాటు దీనికి తలకిందులు: విద్యుత్తు వచ్చింది, యంత్రం వచ్చింది, ఇక స్త్రీ విముక్తి దానంతట అదే వస్తుంది. ఉత్పత్తి శక్తులు పెరిగినంత మాత్రాన ఉత్పత్తి సంబంధాలు మారవని కర్మాగారం విషయంలో మనం గట్టిగా చెబుతాం. ఇల్లు వచ్చేసరికి ఆ సూత్రం వదిలేస్తాం.

తెలుగు సాహిత్యం ఈ విషయంలో మన కంటె ముందు నడిచింది. విమల "వంటిల్లు" కవిత వంటింటిని స్త్రీ జీవితాన్ని మింగివేసే చోటుగా చూపింది. పి. సత్యవతి "ఇల్లలకగానే" కథలో ఇల్లాలు ఇంటిపనిలో పడి తన పేరే మరచిపోతుంది. ఫుమికో జీవితం చదివినప్పుడు నాకు ఆ కథే గుర్తుకు వచ్చింది. అక్కడ ఇల్లాలు తన పేరును తానే మరచింది. ఇక్కడ లోకం మరచింది.

ఒక అనుభవం చెప్పక తప్పదు. కొన్నేళ్ల క్రితం ఒక వూళ్లో రెండు రోజుల అధ్యయన తరగతి జరిగింది. రెండవ రోజు మధ్యాహ్నం పాఠం ఎంగెల్స్ గ్రంథమే. నలభైమందికి వంట. వరండాలో కూర్చుని గృహశ్రమ సామాజికం కావాలని మేము చర్చిస్తూ వుంటే, వెనుక పందిట్లో నలుగురు మహిళా కార్యకర్తలు గిన్నెలు దించుతున్నారు. అందులో ఒకామె ఆ పాఠం వినడానికే సెలవు పెట్టి వచ్చిన ఉపాధ్యాయురాలు. భోజనాల దగ్గర ఆమెను "పాఠం ఎలా వుందక్కా?" అని అడిగాను. "అన్నం ఎలా వుందో మీరు చెప్పండి, పాఠం ఎలా వుందో నేను వినలేదు" అన్నది. ఆమె గొంతులో కోపం లేదు. అదే నన్ను ఎక్కువ బాధించింది. వరండాలో కూర్చున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఎవరినో తప్పుపట్టడానికి ఇది వ్రాయడం లేదు.

ఆ తరువాత మా యింట్లో పొద్దుటి అన్నం నా పని అయింది. నా భార్యకూ నాకూ కాలేజీ వేళలు ఒకటే. ఇదేదో ఘనకార్యమని చెప్పడం లేదు. కుక్కరు వున్నది గనుక నాకు ఆ పని తేలికైంది. పొయ్యి ముందు ఊదుగొట్టంతో కూర్చోవలసి వస్తే నేను అంత త్వరగా ముందుకు వచ్చేవాణ్ణా అని అడిగితే జవాబు చెప్పలేను. కాని దీనివల్ల ఒక విషయం తెలిసింది. పని తేలిక కావడం వల్ల అది చేతులు మారే అవకాశం పుడుతుంది. మీట నొక్కడానికి తరతరాల విద్య అక్కరలేదు. "మాకు చేతకాదు" అన్న మగవాళ్ల పాత సాకు ఆ యంత్రం ముందు నిలవదు. ఈ పరికరపు ప్రగతిశీల స్వభావం ఏదైనా వున్నదంటే అది ఇక్కడే వుంది. అవకాశం మాత్రం దానంతట అది ఆచరణ కాదు.

కనుక మన కర్తవ్యం మూడు చోట్ల వుంది. మొదటిది మన ఇల్లు: పూట వంటను వంతులు వేసుకోవడం, చేతి పనినే కాక దాని గురించిన ఆలోచనను గూడా పంచుకోవడం. రెండవది మన సంఘం: తరగతులలో, సభలలో వంట పని జాబితాలో మగవాళ్ల పేర్లు ముందు వ్రాయడం. మూడవది మన ప్రజా కార్యక్రమం: కరెంటు ధర, గ్యాసు ధర, బడి భోజనం, హాస్టలు భోజనశాల, ఆ వంట చేసే స్త్రీల వేతనం, ఇవన్నీ శ్రామికవర్గపు కోరికలేనని గుర్తించడం. ప్రభుత్వ బడుల్లో మధ్యాహ్న భోజనం వండే స్త్రీలు చేస్తున్నది ఒకప్పుడు లెనిన్ మొలక అని పేర్కొన్న సామూహిక వంటే. కాని వారికి దక్కేది గౌరవవేతనం అనే పేరు గల కొద్ది మొత్తం. మొలకకు నీరు పోయవలసినవాళ్లం మనమే.

నందికొండ శంకుస్థాపన జరిగిన పన్నెండేళ్లకు, 1967లో సాగర్ కాలువల్లోకి నీరు వదిలారు. ఆ నీటితో పండిన వరి తిని పెరిగిన తరం మనది. ఆ అన్నం వండిన చేతుల లెక్క మాత్రం ఇంకా తేలలేదు. 1955 డిసెంబరు 10 మళ్లీ మన పాఠాల్లోకి వచ్చినప్పుడు, ఆనకట్ట కట్టిన కూలీలతో పాటు, పిల్లలున్న ఇంట ఉష్ణమాపకం పట్టుకొని అన్నం ముందు కూర్చున్న ఫుమికోను గూడా విద్యార్థులకు చెప్పుదాం. చెప్పి ఇంటికి వెళ్లాక, బియ్యం కడిగేది ఈ పూట ఎవరని అడుగుదాం.